మసక గాజు కిటికీ

"ఆవిణ్ణి ఆ కిటికీ దగ్గర్నించి కాస్త అవతలికి జరగమని చెప్పండి, మిస్టర్ హాడ్లో," అంది బెరిల్ ట్రాంటర్, నేను తలుపు తీయగానే. "పొద్దున లేచి కర్టెన్ తీస్తే ఆవిడే. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఆవిడే. అలా గుడ్లప్పగించి చూడ్డానికి నా పడగ్గదేమన్నా సినిమా హాలా?"

మా రెండిళ్ళ మధ్య ఒక కారు పట్టేంత సందుంది. ఆ సందు దాటి ఆవిడ మా గుమ్మం తొక్కి ఏళ్ళయింది. నాకేదైనా చెప్పాలంటే మునిసిపల్ కౌన్సిల్‌కి ఫోన్ చేసేది, వాళ్ళొచ్చి నాకు చెప్పేవాళ్ళు. అలాంటిది ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏ ఆవిడ?" అన్నాను.

"అది నన్నడుగుతారా? పైన అటక గదిలో పెట్టుకున్నారే, ఆవిడ. మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ గ్వెండా పోయి ఇంకా ఏడాదైనా తిరగలేదు. దుఃఖం లేకపోతే పోయె, సిగ్గన్నా ఉండాలి మనిషికి."

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా సిటీ బస్సు నడిపినవాణ్ణి, అరిచేవాళ్ళ మీద తిరిగి అరవకపోవడం అలవాటే. కానీ గ్వెండా పేరు ఆ నోట వినేసరికి ఆ అలవాటు గంగలో కలిసింది.

"పైకి రండి. మీ కళ్ళతో మీరే చూసుకోండి. మంచం కింద కూడా వెతుక్కోండి," అన్నాను.

ఆ అటక గది సంగతి చెప్పాలి. నా భార్య గ్వెండాకి జబ్బు అని తేలాక, ఆమె నన్ను అడిగింది ఒక్కటే. పడుకున్న చోటి నుంచి నీళ్ళు కనబడాలి. వేల్స్‌లో, పడవలు కట్టే రేవు పక్కన పుట్టిన మనిషి. మా ఇంటి ముందు కిటికీలోంచి చూస్తే రోడ్డు, వెనక కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు, వాటి వెనక సూపర్ మార్కెట్ లారీలు. ఒకరోజు నిచ్చెన వేసుకుని అటకెక్కి, పక్క గోడవైపు పెంకు తీసి చూశాను. బెరిల్ ఇంటి పొగగొట్టానికీ అవతల సికమోర్ చెట్టుకీ మధ్య, అరచేతి వెడల్పున, ఏరు సముద్రంలో కలిసే మొగ కనిపించింది. కిందికి దిగొచ్చి, అటకని గదిగా మార్చేద్దాం అన్నాను.

మా కౌన్సిల్ పరిధిలో అటక మార్చుకోవడానికి అన్నిసార్లూ పర్మిషన్ అక్కర్లేదు. పైకప్పు ఇంతకంటే లేవకూడదు, గది ఇంతకంటే పెరగకూడదు, పెంకు రంగు పాతదానితో కలవాలి. ఇలాంటివన్నీ పాటిస్తే చాలు. నేనన్నీ చదివాను. నియమాలంటే నాకు గౌరవమే. ఎర్రలైటు దగ్గర ఆగనివాడు బస్సెక్కకూడదు. కానీ ఒక్కటి నా కంట పడలేదు. పై అంతస్తులో పక్కింటివైపు కిటికీ పెడితే దానికి మసక గాజే వేయాలి. గది నేల నుంచి ఒకటీ పాయింట్ ఏడు మీటర్ల ఎత్తుదాకా ఆ గాజు ఉండాలి, అది తెరుచుకోకూడదు.

మామూలు గాజు వేశాం. గ్వెండా ఆ గదిలోకి చేరి, పోటెక్కినప్పుడూ తీసినప్పుడూ నన్ను కేకేసి పిలిచి చూపించేది. అంత సంతోషంగా ఆమెని చాలా కాలంగా చూడలేదు. వారం తిరిగేలోగా బెరిల్ ఫిర్యాదు చేసింది. తన పడగ్గదిలోకి నేరుగా కనబడుతోందని.

కౌన్సిల్ నుంచి కర్స్టీ అనే అమ్మాయి టేపు పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల. నేల నుంచి కొలిచి గోడ మీద పెన్సిలుతో గీత గీసి, "ఈ గీత కింద మసక గాజు ఉండాలండీ. పైన మామూలుదే వేసుకోవచ్చు," అంది.

గ్వెండా మంచం దిగి ఆ గీత పక్కన నిలబడింది. గీత ఆమె తలకి జానెడు పైన ఉంది. "అయితే నేనింకాస్త పెరగాలన్నమాట. ఈ వయసులో కష్టమేననుకో, అయినా ప్రయత్నిస్తాను," అంది. పాపం, కర్స్టీ మొహం కందిపోయింది. మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చట. జవాబు రావడానికి వారాలు పడుతుందట. మా దగ్గర వారాలే లేవనుకున్నాను. నియమం నియమమే అనుకుని గాజు మార్పించాను.

ఆ చలికాలమంతా గ్వెండా ఆ తెల్లటి గాజుకేసి మొహం పెట్టుకుని పడుకుంది. మార్చిలో పోయింది.

బెరిల్ ఆయాసపడుతూ మెట్లెక్కింది. పైన ఏముంది? దుప్పటి తీసేసిన మంచం, ఒక కుర్చీ. ఆవిడ తలుపు వెనక కూడా చూసింది. తర్వాత కిటికీ దగ్గరికెళ్ళి గాజు మీద వేలు పెట్టింది.

"ఇందులోంచి ఏమీ కనబడదే," అంది.

"మీరు కోరుకున్నదే కదండీ. ఇంతకీ ఎలా ఉంటుంది నా ప్రియురాలు? చెబితే వెతుక్కుంటాను."

"వెటకారం వద్దు. పొట్టి మనిషి. ఆకుపచ్చ స్వెట్టరు. జుట్టు తెల్లగా, కురచగా, ఉంగరాలుంగరాలుగా ఉంటుంది. గొర్రెపిల్లకున్నట్టు."

మంచం మీద కూర్చుండిపోయాను. గ్వెండాది బతుకంతా నున్నటి గోధుమరంగు జుట్టు. బెరిల్ ఎరిగింది ఆ జుట్టునే. జబ్బుకి మొహం చిక్కి మారిపోయింది. మందులకి ఆ జుట్టంతా ఊడిపోయి, చివరి వారాల్లో తెల్లగా, ఉంగరాలు తిరిగి మొలిచింది. దాన్ని చూసి తనే తెగ నవ్వుకుంది. ఈ గదిలో, నేనూ నర్సూ తప్ప ఆ జుట్టుని చూసినవాళ్ళు లేరు.

"బెరిల్ గారూ, అది గ్వెండా," అన్నాను.

ఆవిడ నన్ను తిట్టబోయి ఆగింది. నా మొహంలో ఏం కనబడిందో గాని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నేను వాళ్ళింటి తలుపు కొట్టాను. ఆవిడ మాట్లాడకుండా పడగ్గదిలోకి దారి చూపించింది. కిటికీ ఎదురుగా మా అటక గది. ఎండ పడి గాజు పాలలా మెరుస్తోంది. అంతే. నా కళ్ళకి ఇంకేమీ లేదు.

"ఉంది," అంది బెరిల్ గుసగుసగా. "అదుగో, కుడిపక్కకి. ఆ గాజు మసకదైతే ఆవిడ నాకంత తేటగా ఎలా కనబడుతోందండీ? కనబడ్డం లేదూ మీకు?"

కళ్ళు పొడుచుకున్నా కనబడలేదు. నాకెంత అసూయ పుట్టిందో చెప్పలేను. ఏళ్ళ తరబడి కాపురం చేసినవాణ్ణి నేను. ఆమె మందుబిళ్ళలు లెక్కపెట్టినవాణ్ణి, చివర్లో పసిపిల్లలా ఎత్తుకుని స్నానం చేయించినవాణ్ణి. నాకు కనబడదట, కంప్లయింటు చేసిన మనిషికి కనబడుతుందట! ఇదెక్కడి న్యాయమని అక్కడే పైకి అనేశాను.

"నేనేమన్నా అడిగి తెచ్చుకున్నానా? తీసుకుపొండి. దణ్ణం పెడతాను, తీసుకుపొండి," అంది బెరిల్, ఏడుస్తూ.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం టీ వేళకి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. బెరిల్ బిస్కెట్ల డబ్బా ముందు పెట్టి, ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చెప్పేది. ఇవాళ స్వెట్టరు గుండీలు పెట్టుకుంది. ఇవాళ కాస్త నీరసంగా ఉంది. ఇవాళ ఏదో పాడుకుంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి. ఏ పాటో పెదాల్ని బట్టి కనుక్కోమని నేను ప్రాణం తీసేవాణ్ణి. నాకు సిగ్గేమీ లేదు, చెప్పేస్తున్నాను, గ్వెండా పోయాక నేను సంతోషంగా ఉన్న రోజులు అవే. పొద్దున గడ్డం గీసుకునేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా "మీరు" ఎప్పుడు పోయి "నువ్వు" వచ్చిందో, మిస్టర్ హాడ్లోని ఆవిడ ఎప్పుడు డెస్ అనడం మొదలుపెట్టిందో కూడా తెలియలేదు.

బెరిల్ మాత్రం సగమైపోయింది. మంచాన్ని వెనక గదిలోకి ఈడ్చుకుంది. మందపాటి కర్టెన్ కట్టింది. దాని మీద కూడా గ్వెండా కనబడుతూనే ఉందట. చివరికి నాతో ఒక్క ముక్క చెప్పకుండా కౌన్సిల్‌కి ఫోన్ చేసింది. కర్స్టీ మళ్ళీ వచ్చి బెరిల్ వంటింట్లో మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. మామూలు గాజు వేయించండి," అంది బెరిల్.

"అలా కుదరదండీ. నియమం మీ ఒక్కరి కోసం పెట్టింది కాదు. రేపు ఈ పడగ్గదిలో ఇంకెవరుంటారో, వాళ్ళ కోసం కూడా," అంది కర్స్టీ. "కానీ హాడ్లో గారు దరఖాస్తు పెడితే, మీరే ఒప్పుకుంటున్నారు కాబట్టి, అనుమతి ఇచ్చే అవకాశముంది. ఎందుకు మార్చాలనుకుంటున్నారో చెప్పాలి."

"ఎందుకేమిటి? ఆ గదిలో మనిషికి బయట కనబడొద్దూ?"

"ఆ గదిలో ఎవరుంటున్నారండీ?"

బెరిల్ నాకేసి చూసింది. కర్స్టీ కూడా నాకేసి చూసింది.

"ఎవరూ లేరు. గాజు మార్చడం లేదు. ఎలా ఉందో అలాగే ఉండనీ," అన్నాను.

కర్స్టీ వెళ్ళేదాకా బెరిల్ పళ్ళబిగువున ఆగింది. తలుపు మూసుకోగానే నా మీద పడింది.

"నీకేం మాయరోగం? ఆనాడు అదే గాజు కోసం నన్ను తిట్టుకున్నావుగా?"

"తిట్టుకున్నాను. ఇప్పుడు తీస్తే ఆమె నీళ్ళు చూసేస్తుంది బెరిల్. చూసేశాక ఇంకెందుకుంటుంది? వెళ్ళిపోతుంది. నాకు నీ మాటల్లోనైనా కనబడుతోంది. అదీ పోతే నాకేం మిగులుతుంది?"

దాచుకోకుండా చెప్పేశాను. బెరిల్ కప్పులు తీసి సింకులో పడేసి, నావైపు తిరక్కుండానే మాట్లాడింది.

"నీకో సంగతి చెప్పలేదు డెస్. చెబితే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు. పాటలూ గుండీలూ అన్నీ నిజమే. కానీ ఆవిడ రోజంతా చేసేది అది కాదు. నా గదిలోకి చూస్తోందనుకున్నాను, మొదట్లో. నన్ను చూడ్డం లేదు. ఆవిడకసలు నేను కనబడనే కనబడను. ఆ గాజు తుడుస్తోంది."

"తుడవడమేమిటి?"

"గాజు మీద ఊదుతుంది. స్వెట్టరు చెయ్యి లాక్కుని తుడుస్తుంది. మొహం దగ్గరగా పెట్టి చూస్తుంది. మళ్ళీ ఊదుతుంది. పొద్దుటి నుంచీ పొద్దుగూకేదాకా అదే పని. మంచు పట్టిందనుకుంటోందో ఏమో పిచ్చితల్లి. ఆ స్వెట్టరు చెయ్యి పీలికలై పోయింది డెస్. నువ్వు ఇక్కడ కూర్చుని బిస్కెట్లు తింటూ, ఇవాళేం చేస్తోందని అడిగినప్పుడల్లా, అదే చేస్తోంది."

నేను లేచాను. బెరిల్ వెనక నుంచి ఏదో పిలిచింది, వినలేదు. సందు దాటి, షెడ్డులోంచి ఉలీ సుత్తీ తీసుకుని అటకెక్కాను. దరఖాస్తు పెట్టొచ్చు, జవాబు కోసం ఆగొచ్చు. ఆ వారాలన్నీ ఆమె తుడుస్తూనే ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫ్రేము చుట్టూ ఉన్న పట్టీలు ఒక్కొక్కటే ఊడబీకాను. గాజు నా చేతుల్లోకి ఒరిగింది. చెయ్యి తెగింది. దాన్ని మంచం మీద పడుకోబెట్టాను.

చల్లగాలి గదిలోకి కొట్టింది. పొగగొట్టానికీ సికమోర్ చెట్టుకీ మధ్య ఏటి మొగ కనిపించింది. పోటెక్కుతోంది. బురద మేట మీదికి నీళ్ళు పాకుతున్నాయి. నేను ఫ్రేము పట్టుకుని, గుండెల దాకా బయటికి వంగి చూశాను. నా వెనక గదిలో ఏ చప్పుడూ లేదు. ఎవరి ఊపిరీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ గది.

ఎదురుగా బెరిల్ తన కర్టెన్ లాగి, కిటికీ రెక్క బార్లా తెరిచింది. మా ఇద్దరికీ మధ్య సందు తప్ప ఇంకేమీ లేదు. కేకెయ్యక్కర్లేదు, మామూలుగా మాట్లాడినా వినబడుతుంది.

"ఉందా?" అన్నాను.

బెరిల్ నా మొహంకేసి చూడటం లేదు. నా భుజం మీంచి వెనక్కి చూస్తోంది.

"ఉంది. చేతులు దించేసింది," అంది. మళ్ళీ నెమ్మదిగా, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు అంది. "డెస్, కాస్త పక్కకి జరుగు. అడ్డంగా నిలబడ్డావు."

నేను పక్కకి జరిగాను. గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కణ్ణించి నాకు నీళ్ళు కనబడవు, బెరిల్ మొహం ఒక్కటే కనబడుతుంది. పోటు పూర్తిగా వచ్చేదాకా ఆవిడ అలాగే నిలబడి చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కిటికీ రెక్క వేసుకుంది. ఇంకా ఉందా అని నేను మళ్ళీ అడగలేదు.