ఫోన్ ఎక్కడుంటే అక్కడే నేను

అమ్మకు ఈ ఊళ్ళో ఉన్నది ఒక్కటే స్నేహం. ఆమె పేరు ఉమామహేశ్వరి. ఆమె ఇంటి నంబరు మాకు తెలియదు, ఫోన్ నంబరు తెలియదు. ఆమెను వెతకడానికి మా దగ్గర మిగిలిన ఆధారం నా పాత పరుగుల మ్యాప్‌లే. నిజానికి అవి కూడా నావి కావు.

మేం అమెరికాలోని ఈ క్యారీకి వచ్చి ఏడాది దాటింది. నాన్న మాకంటే ముందే వచ్చాడు. కనిగిరి దగ్గర మా ఊరి హైస్కూల్లో నేను తొమ్మిది దాకా చదివాను. ఆటల పీరియడ్‌లో చెప్పులు అరుగు మీద విడిచి పరిగెత్తేదాన్ని. కబడ్డీలో కూత పెట్టాలి, ఖోఖోలో అరవాలి. నోరు తెరవకుండా ఆడగలిగేది పరుగొక్కటే. ఇక్కడి స్కూల్లో క్రాస్ కంట్రీ అనే దూరపు పరుగుల జట్టు ఉందని తెలిసినప్పుడు కూడా ముందు తోచింది అదే. పరిగెత్తడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

వేసవి సెలవుల్లో రోజూ పరిగెత్తి, ఆ పరుగుల మ్యాప్‌లు యాప్‌లో పంపమన్నాడు కోచ్. వాటిని చూశాకే జట్టులోకి ఎవరిని తీసుకోవాలో చెబుతానన్నాడు. నాన్న ఒక చవక బ్యాండ్ కొని, దాంతోపాటు తన పాత ఫోన్ ఇచ్చాడు.

"బ్యాండ్ చేతికి పెట్టుకో. ఫోన్‌లో స్టార్ట్ నొక్కు. మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్నాడు.

ఆ ఫోన్ ఇటుకంత ఉంది. నా ప్యాంటుకు జేబు లేదు. చేత్తో పట్టుకుంటే చెమటకు జారిపోతోంది.

"నాకియ్యి, నేను పట్టుకొస్తా" అంది అమ్మ.

"నువ్వు నాతో పరిగెత్తుతావా?"

"నేనెందుకు పరిగెత్తుతానే? నా పాటికి నేను నడుస్తా. చెరువు కాడ ఉంటా, నువ్వు తిరుక్కుంటా రా. నిన్నొక్కదాన్నే పంపిస్తే మీ నాన్న నన్ను తింటాడు."

చెరువు అని మేమే అంటాం. వాననీళ్ళు నిలవడానికి తవ్విన గుంట అది. చుట్టూ నడకదారి, ఒక బెంచీ, నాలుగు బాతులు. మా ఇంటి నుంచి అమ్మ కాళ్ళ మీద వెళ్ళగలిగిన చోటు అదొక్కటే. మిగతా వాటన్నిటికీ కారు కావాలి. కారు నాన్నతో ఆఫీస్‌కి వెళ్ళిపోతుంది.

నాలుగు రోజుల తర్వాత పరుగు మధ్యలో చెరువు వైపు నుంచి నవ్వు వినిపించింది. ఎవరిదో అనుకున్నాను. దగ్గరికొస్తే అమ్మది. ఈ దేశం వచ్చాక అమ్మ అంత గట్టిగా నవ్వడం వినలేదు. పక్కన చుడీదార్ మీద నీలం టోపీ పెట్టుకున్న ఆవిడ ఉంది.

"ఈమె ఉమామహేశ్వరి వదిన. కరీంనగరంట" అంది అమ్మ. పావుగంటలో వదినలైపోయారు.

"నీ బిడ్డ లేడి లెక్క ఉరుకుతాంది గదా వదినా! జర తిండి పెట్టు, గాలొస్తే కొట్టుకపోతది" అంది ఆవిడ.

నేను నవ్వి నేల చూశాను.

"మాట్లాడదా ఏంది?"

"మొహమాటం ఎక్కువ."

"ఎవరి పోలికనో మరి!"

ఇద్దరూ మళ్ళీ నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఇంటి చుట్టుపక్కల వీధులన్నీ తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ చెరువు చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. ఎప్పుడూ ఏదో ఒక తగువు. అమ్మ గోంగూర అంటే ఆవిడ పుంటికూర అనేది.

"గోంగూరేంది వదినా, పేరు చెడగొట్టిన్రు."

"పేరు ఏదైతే ఏంది, పచ్చడి మా దగ్గర తినాల."

"మాటలేనా, పెట్టేదుందా?"

మర్నాడు అమ్మ ఒక స్టీలు డబ్బా నిండా గోంగూర పచ్చడి పట్టుకొచ్చింది. డబ్బా మూత మీద చుక్కలు చుక్కలుగా 'కృష్ణకుమారి' అని కొట్టించి ఉంటుంది. అమ్మ పెళ్ళికి అమ్మమ్మ ఇచ్చిన సామానులోది. డబ్బా ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా, అందులో పెట్టడానికి ఏదైనా చేసినప్పుడు ఇస్తుందిలే అంది అమ్మ.

జూలైలో కోచ్ మమ్మల్ని స్కూల్‌కి పిలిచి ఒక్కొక్కరి మ్యాప్ తెర మీద వేసి చూపించాడు. నాది వచ్చేసరికి ఆగి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"స్పాండనా, నీ గుండె గుర్రంలా పరిగెడుతోంది. నువ్వేమో చెరువు పక్కన నడుస్తున్నావు, మధ్యలో కూర్చుంటున్నావు. ఆ బాతులు అంత భయంకరంగా ఉంటాయా?"

అందరూ నవ్వారు. కోచ్ నవ్వులో ఎకసెక్కం లేదు. అయినా నాకు చెవులు కాలిపోయాయి. తెర మీద చెరువు చుట్టూ గీత మీద గీత, నూలు ఉండలా చుట్టుకుని ఉంది. నేను పరిగెత్తిన వీధుల్లో ఒక్కటీ లేదు. ఎందుకలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినా ఇంగ్లీషులో చెప్పలేను.

బయటికొచ్చాక, నాలాగే జట్టు కోసం వచ్చిన అనిక చెప్పింది. అనిక ఇక్కడే పుట్టింది, తెలుగు తూచి తూచి మాట్లాడుతుంది.

"నీ బ్యాండ్‌లో జీపీఎస్ లేదు స్పందనా. అది హార్ట్ రేట్ చూస్తది, అంతే. మ్యాప్ ఫోన్ గీస్తది. ఫోన్ ఎక్కడ ఉంటే నువ్వు అక్కడ. ఫోన్ ఎవరి దగ్గర ఉంది?"

"మా అమ్మ దగ్గర."

"ఓ మై గాడ్. సో, కోచ్ మీ మమ్మీ వాకింగ్ చూశాడు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది.

నాన్న ఆన్‌లైన్‌లో దండచేతికి కట్టుకునే సంచి తెప్పించాడు. ఫోన్ అందులో సరిగ్గా సరిపోయింది. ఆ సాయంత్రం అమ్మ చెప్పులు వేసుకుంటుంటే చెప్పాను.

"ఇంక నువ్వు రానక్కర్లేదమ్మా. ఎండలో నీకెందుకు శ్రమ?"

అమ్మ ఒక చెప్పు వేసుకుని ఆగింది. "అట్నా?"

"ఫోన్ నా దగ్గరే ఉండాలంట. కావాలంటే ఊరికే రా. వస్తావా?"

"వద్దులే. నాక్కూడా పొయ్యి కాడ పనుంది."

సరేనని వెళ్ళిపోయాను.

మా ఊళ్ళో ఇంటికొచ్చిన వాళ్ళని కాఫీ తాగుతారా అని అడిగితే ముందు వద్దంటారు. మళ్ళీ అడిగితే ఎందుకమ్మా శ్రమ అంటారు. మూడోసారి అడగకుండానే గ్లాసు చేతిలో పెట్టాలి. పుట్టినప్పటి నుంచి చూసిందే. ఈ స్కూల్లో అలా కాదు. వద్దంటే వద్దనే. మళ్ళీ అడిగితే ఎగాదిగా చూస్తారు. ఇంగ్లీషు కన్నా ముందు నాకు అది అలవాటైంది.

ఫోన్ మోయడం అమ్మకు ఒక పని. ఊరికే నడవడం పని కాదు. పని లేకుండా గడప దాటడం అమ్మకు చేతకాదు. అది నేను తర్వాత ఆలోచించాను. అప్పుడు మాత్రం అమ్మకు కాస్త విశ్రాంతి ఇచ్చానని సంతోషంగా ఉంది.

నా మ్యాప్‌లు తీర్చి గీసినట్టు వచ్చాయి. చెరువు పక్క నుంచి వెళ్ళేటప్పుడు నీలం టోపీ ఆవిడ బెంచీ మీద ఒక్కతే కూర్చుని కనిపించేది. ఒళ్ళో ఏదో ఉండేది. నన్ను చూసి లేచి చెయ్యి ఊపేది. ఏదో అనేది కూడా. నేను నవ్వి, తల దించుకుని, పరుగు ఆపకుండా వెళ్ళిపోయేదాన్ని. ఆగితే ఏం మాట్లాడాలి? పైగా ఆగితే మ్యాప్‌లో వేగం పడిపోతుంది. రేపు మాట్లాడదాం అనుకునేదాన్ని. కొన్నాళ్ళకు బెంచీ మీద ఎవరూ లేరు.

ఆగస్టులో నన్ను జట్టులోకి తీసుకున్నారు. నాన్న స్వీట్లు తెచ్చాడు. అమ్మ నా నోట్లో ఒకటి పెట్టి, "ఉమామహేశ్వరి వదినకి చెబితే సంబరపడుద్ది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం గోంగూర ఒలుస్తూ అడిగింది.

"చెరువు కాడ వదిన కనబడుతుందా?"

"కనబడట్లేదమ్మా."

"ఎప్పటి నుంచి?"

నేనూ ఒక కాడ తీసుకుని ఆకులు తుంచాను.

"ఏం లేదులే, డబ్బా ఆమె దగ్గరుండిపోయింది" అంది అమ్మ, ఆకు మీంచి కళ్ళెత్తకుండా.

అమ్మ ఎవరి దగ్గరా ఎప్పుడూ డబ్బా అడగలేదు. ఊళ్ళో మా గిన్నెలు సగం ఇంకా ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్నాయి.

"నంబరు తీసుకోలేదా?"

"రోజూ కనబడే మనిషిని నంబరు ఏమని అడుగుతామే? పోతావా అని అడిగినట్టుంటది. వాళ్ళాయనకి యాడనో, రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చేటట్టుంది అని అంటానే ఉండింది. ఒకసారి వాళ్ళింటికి కూడా పోయినా టీకి. కానీ ఈడ ఇళ్ళన్నీ ఒకే అచ్చు. ఏ సందో ఏమో."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఫోన్ అమ్మ చేతిలోనే ఉండి ఉంటుంది.

కోచ్ చూపించి అందరినీ నవ్వించిన ఆ మ్యాప్‌లను నేను సిగ్గుతో మళ్ళీ తెరవలేదు. తీసేద్దామనుకుని తీసేయలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ తెరిచాను. అన్నీ చెరువు చుట్టూ నూలు ఉండలే. ఒక్కదాంట్లో మాత్రం గీత చెరువు వదిలి, రోడ్డు దాటి, ముందుకు దారి లేని ఒక సందులోకి వెళ్ళి, చివర చిన్న ముడి పడింది.

"అమ్మా, ఇల్లు దొరికింది!"

అమ్మ చేతులు కడుక్కుని చీర మార్చుకుంది. అప్పుడే నూరిన పచ్చడి ఇంకో డబ్బాలో సర్దింది. దారంతా నాకన్నా ముందు నడిచింది. నేను ఫోన్ చూసి ఎడమ, కుడి అని చెబుతూ వెనక నడిచాను.

సందు చివరికి వచ్చాక గీత రెండు ఇళ్ళ మధ్య గడ్డి మీద ఆగింది. ఫోన్ అంత కచ్చితంగా చెప్పలేదు. అమ్మ రెండు తలుపులూ మార్చి మార్చి చూసింది. కుడివైపు గడపకు పసుపు కుంకుమ రంగుల స్టిక్కర్ సగం ఊడి ఉంది. అమ్మ మొహం విచ్చుకుంది. తర్వాత కిటికీ వైపు చూసింది. పరదాలు లేవు. లోపల గోడలు, నేల, ఇంకేమీ లేదు.

పక్కింటి తలుపు తీసుకుని ఒక అమెరికన్ ముసలావిడ బయటికొచ్చింది. నన్నూ నా బూట్లనూ చూసి, "పరిగెత్తే అమ్మాయివి నువ్వేనా?" అని అడిగింది. లోపలికి వెళ్ళి స్టీలు డబ్బా తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. మూత మీద అమ్మ పేరు.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. నాకు మొత్తం అర్థమైంది. వాళ్ళు ఆగస్టులోనే దేశానికి ఆ చివరనున్న రెడ్‌మండ్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఉమామహేశ్వరి గారు రోజూ సాయంత్రం ఈ డబ్బా పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్ళేది. వాళ్ళమ్మ గురించి ఆ పరిగెత్తే అమ్మాయిని అడుగుదామని చెయ్యి ఊపేది. ఆ అమ్మాయి తనను గుర్తుపట్టలేదేమో అనుకుని, ఎప్పుడైనా ఇటు వస్తే ఇమ్మని డబ్బా ఈవిడకిచ్చి వెళ్ళిందట.

"వాళ్ళ ఫోన్ నంబర్ ఉందా?" అని అడిగాను. ఈ దేశంలో ముక్కూ మొహం తెలియని మనిషిని నేనుగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

"లేదమ్మా. మీ దగ్గర ఉంటుందనుకున్నాను" అంది ఆవిడ.

అమ్మ కొత్త పచ్చడి డబ్బా ఆవిడకిచ్చేసింది. ఆవిడ వాసన చూసి, అదేమిటో తెలియకపోయినా, చాలాసార్లు థాంక్స్ చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు అమ్మకు అన్నీ తెలుగులో చెప్పాను. చెయ్యి ఊపిన సంగతి మాత్రం చెప్పలేదు. చెరువు దగ్గరికి వచ్చాక ఇంక ఆగలేక అదీ చెప్పాను.

"నేను చూశానమ్మా. గుర్తుపట్టాను కూడా. ఆగలేదు."

అమ్మ డబ్బాను ఒక చేతిలోంచి రెండో చేతికి మార్చుకుంది.

"నీకు మొహమాటం గదా" అంది. "నాకు మటుకు లేదా? నంబరు అడిగి ఉంటే సరిపోయేది."

తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి డబ్బా మూత తీసింది. లోపల అడుగున పంచదార. చెమ్మకు గడ్డకట్టి ఉంది. ఇల్లు సర్దుకునే హడావుడిలో ఏమీ చేయలేక, ఖాళీగా ఇవ్వడానికి మనసు రాక పోసి ఉంటుంది. అమ్మ దాన్ని చెంచాతో కదిపి, మూత పెట్టి, అలాగే అలమరలో పెట్టేసింది.

సాయంత్రం నేను దండచేతికి కట్టే సంచి విప్పి పక్కన పెట్టాను.

"అమ్మా, ఫోన్ పట్టుకొస్తావా?"

"నీకు సంచి ఉంది గదా. వద్దులే."

"అది చెయ్యి ఒరుసుకుంటోంది. రా."

"మ్యాప్ పాడవుద్ది. మీ కోచ్ మళ్ళీ నవ్వుతాడు. ఎందుకులే."

మూడోసారి అడగలేదు. స్టార్ట్ నొక్కి ఫోన్ అమ్మ చేతిలో పెట్టి, ఆమె చెప్పులు ముందుకు జరిపాను. అమ్మ వాటి వైపు చూసి, కాళ్ళు దూర్చింది.

నేను వీధులన్నీ తిరిగి చెరువు దగ్గరికి వచ్చేసరికి అమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. నడుస్తుందనుకున్నాను, నడవడం లేదు. బెంచీలో ఒక పక్కకు జరిగి, రెండో పక్క చోటు వదిలి కూర్చుంది. నేను వెళ్ళి ఆ చోట్లో కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఉమామహేశ్వరి గారైతే ఈపాటికి ఏదో ఒక తగువు పెట్టుకుని ఉండేది.

ఇంటికొచ్చి మ్యాప్ చూశాను. ఈసారి నూలు ఉండ లేదు. మా ఇంటి నుంచి బెంచీ దాకా ఒక సన్న గీత, చివర చుక్క. కింద నా గుండె మాత్రం గుర్రంలా పరిగెడుతోంది. ఇది తప్పు మ్యాప్ కాదని కోచ్‌కి చెప్పాలి. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఇంకా తెలియలేదు.