తువ్వాల కింద చెయ్యి

జహీరాబాద్ పశువుల అంగట్లో బేరం నోటితో సాగదు. తువ్వాల కింద ఎదుటివాడి వేళ్ళు ఎన్ని పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. విరూపాక్ష ఆ విద్యలో పండిపోయిన వ్యాపారి. అలాంటివాడు ఆ రోజు తన ఎడ్లను కొనవచ్చిన ఈరయ్యవి నాలుగు వేళ్ళు పట్టబోయి మూడే పట్టాడు.

ఈరయ్య తువ్వాల తీసేశాడు. "ఏంది సేటూ, ఎడ్లను దానం జేస్తున్నవా?"

విరూపాక్ష మళ్ళీ పట్టాడు. పట్టు దొరక్క ఈరయ్య చిటికెనవేలు మళ్ళీ జారిపోయింది.

రెండు నెలల కింద లారీలోంచి ఎడ్లను దించుతుంటే తలుపు విరూపాక్ష తలకు తగిలింది. పసుపు అద్దుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు పట్నం దవాఖానలో స్కానింగ్ తీసి, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం కొంచెం కొంచెంగా ఊరుతోందని, చేతి పట్టు తప్పుతున్నది అందుకేనని తేల్చారు.

"పుర్రె కొయ్యం," అంది డాక్టర్ శోభారాణి. "మణికట్టు దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పైకి పంపి, మెదడు పొరకు రక్తమిచ్చే నాళాన్ని మూసేస్తాం. పేరుకున్నది మెల్లగా అదే ఇంకిపోతుంది."

"ఎడమ చెయ్యి తీసుకోండ్రి డాక్టరమ్మా. కుడిది అంగడికి గావాలె."

"కుడిచేతి నుంచే మాకు దారి సులువు. చేతికి ఇబ్బంది రావడం చాలా అరుదు."

విరూపాక్ష లెక్కేసుకున్నాడు. ఇవ్వకపోతే తలా పోతుంది, చెయ్యీ పోతుంది. ఇస్తే రెండూ మిగలొచ్చు. ఒప్పుకున్నాడు.

"వెంట ఎవరొచ్చిన్రు తాతా?" నర్సు జ్యోతి అడిగింది.

భార్య మహాదేవమ్మ పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. "ఈరయ్య దించి పోయిండు."

"ఏమైతడు?"

"ఏం గాడు. అంగట్ల చేతులు కలుపుతం."

పని ముగిశాక మణికట్టుకు బిగుతుగా పట్టీ వేశారు. జ్యోతి తన వేళ్ళు అతని అరచేతిలో పెట్టింది. "గట్టిగ పట్టు తాతా." నాలుగూ పట్టబోయాడు. మూడే దొరికాయి.

"ఫికర్ జెయ్యకు, మెల్లగ వస్తది," అని ఆమె పక్క మంచానికి పోయింది.

మహాదేవమ్మ పోయాక బేరం లేకుండా అతని చెయ్యి పట్టుకున్న మొదటి మనిషి ఆమే. ఆ అరచేతిని చాలాసేపు అలాగే తెరిచి ఉంచాడు.

నెలన్నర తర్వాత మళ్ళీ అంగడి. ఈరయ్య తువ్వాల కప్పాడు. విరూపాక్ష పట్టాడు. చిటికెనవేలు జారలేదు. నాలుగు!

"ఖాయం," అన్నాడు ఈరయ్య, బేరమే ఆడకుండా, చెయ్యి వెనక్కు తీసుకోబోతూ.

అడిగిన ధర అడిగినట్టే వచ్చింది. విరూపాక్షకు మాత్రం నిలువునా నష్టపోయినట్టు అనిపించింది. ఇంటికి పోయి సాయంత్రమంతా ఈ చేతిని ఏం చేసుకోవాలి?

విరూపాక్ష వదల్లేదు. ఈరయ్య బొటనవేలు కూడా కలిపి పట్టాడు.

"దిమాగ్ ఖరాబైందా సేటూ? ఒప్పుకున్నంక పెంచుతవా?"

"అంగడి ఇంకా లేవలే గద ఈరయ్యా. జర బేరమాడు."

ఈరయ్య అతని మొహంలోకి ఓసారి చూశాడు. సణుక్కుంటూ తువ్వాల సర్ది, రెండు వేళ్ళు పట్టాడు.