పరుపు ఊరేగింపు

డాక్‌యార్డులో మా షాపులో, అంటే మా పనిశాలలో, ఎవరు రిటైరైనా దండ కొనేది నేనే. దండ, శాలువా, చందాలేసుకుని కొనే బహుమతి, గేటు నుంచి ఇంటిదాకా మేళం, అన్నీ నా నెత్తినే. మాది గోదావరి జిల్లా. పెళ్ళిళ్ళు చేసిన చెయ్యి ఊరుకోదు. డాక్‌యార్డులో చేరిన కొత్తలో ఒక పెద్దాయన్ని టీ, బిస్కెట్లతో సాగనంపడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటినుంచీ ఆ పెత్తనం అడక్కుండానే తీసుకున్నాను.

తొంభై ఎనిమిది మే నెలాఖరుకి అప్పలసూరి బావ వంతు వచ్చింది. వరసకి బావేమీ కాడు, ఈ ఊళ్ళో పక్కన నిలబడి తాడు లాగినవాడల్లా బావే. ఇల్లు మల్కాపురంలో. యార్డు సైరన్ మోగితే వాళ్ళ కిటికీ రెక్కలు అదురుతాయి. బహుమతి ఏం కావాలో కనుక్కుందామని వెళ్తే బావ నసిగాడు గానీ, వాళ్ళావిడ నారాయణమ్మక్క పొయ్యి దగ్గరనుంచే చెప్పేసింది.

"పెళ్లయి ఈ ఊరొచ్చిన కాణ్ణించి సైరను నిలబడే ఇన్నాను తమ్ముడూ. ఓ సేత్తో గరిటి, ఓ సేత్తో కేరేజి. ఒక్కసారి పడుకోని ఇనాలని ఉంది. ఈయన దిగిపోతే నాకింకేటీ వద్దు."

అప్పుడే తేల్చేసుకున్నాను. గోడగడియారం కాదు, వెండిగ్లాసు కాదు, మంచి బూరుగుదూది పరుపు.

ఇక ముహూర్తం దగ్గర అక్క పట్టుబట్టింది. నెలాఖరు మంచిది కాదని పంతులుగారు నెల మొదట్లోనే రోజు పెట్టారు. రిటైర్మెంటుకి ముహూర్తమేమిటని ఫోర్‌మన్ నవ్వాడు. పెళ్ళికూతురు గడప దాటడానికి ముహూర్తం ఉన్నప్పుడు, బతుకంతా నడిచిన గేటు దాటడానికి ఎందుకుండకూడదని ఎదురడిగాను. ఉద్యోగం నెలాఖరుదాకా చేసుకోవచ్చు, ఊరేగింపు మాత్రం ముందే అని తీర్మానమైంది.

ఆ రోజు తగరపువలస నుంచి బావ చుట్టాలు తప్పెటగుళ్ళతో దిగారు. షాపు ఆనవాయితీ ప్రకారం బావ తన పనిముట్ల సంచిని, తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు వరహాలుకి అప్పగించాడు. వరహాలు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. కళ్ళకద్దుకున్నాక ఆ పని పుచ్చుకున్నవాడిదే, మా దగ్గర అది స్టాంపు కాగితం కంటే గట్టిది. గేటు దగ్గర పరుపుని నలుగురు నెత్తినెత్తుకున్నారు. ముందు తప్పెటలు, మధ్యలో పరుపు, వెనక దండతో బావ. బస్సులాపి మరీ చూశారు జనం. నా జన్మలో అంత సంబరంగా ఏ పెళ్ళీ చెయ్యలేదు. ఇంటికెళ్ళాక మాత్రం అక్క పరుపు విప్పనివ్వలేదు, జూన్ ఒకటిదాకా చుట్టే ఉంచమంది.

కొద్దిరోజులు తిరక్కుండానే ఢిల్లీనుంచి ఆర్డరొచ్చింది. రిటైర్మెంటు యాభై ఎనిమిదికి కాదు, అరవైకి. షాపంతా ఈలలు. బావని భుజాలమీదికెత్తేశారు. "సాగనంపేసినాం గదా బావా, మల్లీ ఎలాగొత్తావు" అని వరహాలు సంచి ఇవ్వకుండా ఏడిపించి, ఆఖరికి బావచేత మళ్ళీ కళ్ళకద్దించి మరీ ఇచ్చేశాడు. బావ జిలేబీ పొట్లం కట్టించుకుని, నన్ను కూడా లాక్కుని ఇంటికి పరుగెత్తాడు.

"ఓలే, రెండేళ్లు పెంచినారే" అన్నాడు గుమ్మంలోనే.

అక్క జిలేబీ పుచ్చుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. మూలనున్న పరుపుచుట్ట వైపు చూసింది.

"కేరేజి కూడా రెండేళ్లు పెంచినారా?"

బావ నవ్వాడు. "జీతమొత్తాదే. పింఛనీ పెరుగుతాది. నాను పోయినా నీకు సగం వొత్తాది. దానికే గదా జంట ఫొటో తీయించుకున్నాం."

"నువ్వు పోయాక గవర్నమెంటు నాకు పింఛనీ ఇత్తాది. నువ్వుండగా నాకు రిటైర్మెంటు ఎవులిత్తారు?"

బావ ఇంకా పళ్ళికిలిస్తూనే, "ఆడోలికి రిటైర్మెంటేటే" అన్నాడు. పెద్దవాడు కాబట్టి బతికిపోయాడు.

"నీకు పెంచినారు. నాకు పెంచనేదు. నెలాఖరికి నాను దిగిపోతన్నాను" అంది అక్క. కేకల్లేవు, కన్నీళ్ళు లేవు. నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"దండ నాది అక్కా" అన్నాను.

మే ముప్పై ఒకటి ఆదివారం. షాపంతా వాళ్ళ వాకిట్లో దిగింది. తప్పెటగుళ్ళవాళ్ళు "ఒక్కింటోలకి రెండు సాగనంపుళ్లేటి" అంటూనే వచ్చారు. వీధిలో ఆడవాళ్ళు తమ ఏళ్ళు లెక్కలేసుకోవడం మొదలెట్టారు. ఎదురింటి కామేశ్వరి "మరి నాకెప్పుడు" అని మొగుణ్ణి అందరిముందూ అడిగేసింది, పాపం అతను చెప్పులు వెతుక్కున్నాడు. అక్కకి శాలువా కప్పాం, దండ వేశాం. ఇక మిగిలింది అప్పగింత.

అక్క లోపలికెళ్ళి, చింతపండుతో తోమిన కేరేజీ తెచ్చి బావ ముందు పట్టుకుంది. తప్పెటలు ఆగాయి. బావ దాన్ని పుచ్చుకుని పక్కన పెట్టేస్తే ఇదంతా వేళాకోళం. కళ్ళకద్దుకుంటే మాత్రం తిరుగులేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, బావకి మరీ తెలుసు.

"ఎన్నింటికి లెగుత్తావే నువ్వు?" అని మెల్లగా అడిగాడు బావ. ఇన్నేళ్ళూ ఆ అన్నం తిన్నవాడికి ఆ సంగతి తెలియదు.

"నాలుక్కి" అంది అక్క.

బావ రెండు చేతులా కేరేజీ అందుకుని కళ్ళకద్దుకున్నాడు. వీధి వీధంతా హోరెత్తింది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ వాళ్ళ ఇంటిముందు సైకిలాపాను. లోపల్నుంచి మాడిన తిరగమోత వాసన, బావ దగ్గు వస్తున్నాయి. వరండాలో మంచమ్మీద కొత్త పరుపు పరిచి ఉంది. దానిమీద అక్క వెల్లకిలా పడుకుంది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"నిద్ర పట్టలేదా అక్కా?" అన్నాను.

అంతలో సైరన్ మొదలైంది. అక్క చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది.

"నిద్దరెవులిక్కావాల తమ్ముడూ. ఇంటన్నాను."

మోత పూర్తిగా ఆగేదాకా ఇద్దరం కదల్లేదు. ఆ రోజు గేటు దగ్గర నాకు లేటు పడింది.