వెనక గది ఎత్తు

వరద తగ్గిన నాలుగో రోజు మధ్యాహ్నం అంగుళం ఏటివీధిలోకి వచ్చాడు. భుజం మీద పొడవాటి కొలబద్ద, చేతిలో ఎత్తు చూసే యంత్రం, చంకలో కాగితాల అట్ట, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. అంగుళం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ముంపు పటాలు గీసే ఆఫీసువాళ్ళు పెట్టింది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ సర్వేయరు. ఇళ్ళ ఎత్తు కొలవడానికి వెళ్తే ఎవరెంత బతిమాలినా, కాఫీలిచ్చినా, కళ్ళెర్రజేసినా అంగుళం కూడా వదిలేవాడు కాదు. ఆ పేరంటే అతనికి లోలోపల బోలెడు గర్వం ఉండేది. రెండేళ్ళుగా మాత్రం ఎవరైనా అలా పిలిస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు.

అతని పని చెప్పుకోడానికి చాలా సులువు. ఏరు పొంగితే నీళ్ళు ఎంతవరకు రావచ్చో పటం మీద ఒక గీత ఉంటుంది. ఇంటి నేల ఆ గీతకి కిందుంటే, బ్యాంకు అప్పున్నవాళ్ళు వరద బీమా కట్టి తీరాలి. పైనుంటే కట్టడం మానడం వాళ్ళిష్టం. ఇంట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్న గది ఏదో, దాని నేలే లెక్క. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. అతను పెట్టుకున్న పద్ధతి ఇంకొకటి ఉంది. కొలబద్దని ఎప్పుడూ ఇంటివాళ్ళ చేతే పట్టించేవాడు. రేపు మాటొస్తే, "బద్ద పట్టుకుంది మీరేగా?" అనొచ్చని.

రెండేళ్ళ కిందట అక్క ఇంట్లో కూడా బద్ద అక్కే పట్టుకుంది.

ఏటివీధిలో చివరి రెండు ఇళ్ళూ ఒకే మేస్త్రి, ఒకే ఏడాది, మధ్య గోడ ఒక్కటే పెట్టి కట్టినవి. ఒకటి అక్కది. రెండోది గడియారాలు బాగుచేసే ముసలాయనది. రెండింట్లోనూ ముందు గది ఎత్తుగా ఉంటుంది, మూడు మెట్లు దిగితే వెనక గది. తల్లి పోయాక పదేళ్ళ వయసులో అంగుళం అక్క వెంట ఈ ఇంటికే వచ్చాడు. ఆ మెట్ల మీదే కూర్చుని చదువుకున్నాడు, ఆ మెట్ల మీంచే పడి పన్ను విరగ్గొట్టుకున్నాడు. కాబట్టి వెనక గది సంగతి తెలియదని ఏ దేవుడి ముందూ చెప్పలేడు.

ఆ రోజు అక్క బద్ద తీసుకుని ముందు గదిలోనే నిలబడింది.

"ఇక్కడే కొలవరా" అంది.

"వెనక గదిలో పెట్టాలక్కా."

"అదీ ఒక గదేనట్రా? కుట్టు మిషన్లు పెట్టుకున్నానని గదంటున్నావు గానీ, ఒకప్పుడు కట్టెలు వేసుకునే చోటు. మీ బావ పోయాక ఇంటి అప్పూ, ఈ బీమా, రెండూ నావల్ల కావట్లేదు. నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?"

అడగలేదు. నలభై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అంగుళం యంత్రంలోకి చూశాడు, గీతకి నాలుగంగుళాలు పైన అని రాశాడు, సంతకం పెట్టాడు. వెనక గది గీతకి ఇరవై అంగుళాలు కింద ఉంటుందని కొలవకుండానే అతనికి తెలుసు.

అంతటితో అయిపోతే అది అక్కాతమ్ముళ్ళ గొడవ. కానీ బయటికి వస్తుంటే గడియారాలాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమోయ్, ఎంతొచ్చింది మీ అక్క ఇల్లు?"

"గీతకి నాలుగంగుళాలు పైన, బాబాయ్."

"అయితే నాదీ అంతేగా! అప్పులేనివాణ్ణి, అనవసరంగా పంతొమ్మిదేళ్ళ నుంచి కడుతున్నా చూడు."

"కాదు బాబాయ్" అంటే సరిపోయేది. రెండు మాటలు. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా, ఆ రెండు మాటల వెనకాలే అక్క బయటపడుతుంది, తనూ బయటపడతాడు. అంగుళం నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తన మొహం తనకే అసహ్యంగా ఉంటుంది. ఆ తర్వాత గడియారాలాయన బీమా మానేశాడో లేదో అడిగి తెలుసుకునే ధైర్యం కూడా చేయలేదు.

ఇప్పుడు వరద వచ్చింది. వచ్చి, సరిగ్గా పటం మీది గీత దగ్గరే ఆగింది. ముందు గదుల్లో చుక్క నీరు లేదు. వెనక గదుల్లో ఇరవై అంగుళాలు.

అక్క వెనక గదిలో చీపురుతో బురద తోస్తోంది. కుట్టడానికి ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన బట్టలన్నీ ఒక మూల కుప్పగా పడున్నాయి, ఏది ఏ రంగో తెలియడం లేదు. తమ్ముణ్ణి చూడగానే నడుము నిటారుగా చేసుకుని, గొంతు తగ్గించి అంది:

"నువ్వు నోరెత్తకు. నీళ్ళు మనల్ని అడిగి వచ్చాయా? నీ ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళుంది. బట్టలవాళ్ళకి నేనేదో చెప్పుకుంటా."

"పక్కింటి బాబాయ్ బీమా..."

"మానేశాడు" అని మళ్ళీ బురద తొయ్యడం మొదలుపెట్టింది. తమ్ముడి మొహం చూడలేదు.

గడియారాలాయన తన వెనక గదిలో బల్ల ముందు కూర్చుని, కిరోసిన్ గిన్నెలో పళ్ళచక్రాలు ఒక్కొక్కటే కడుగుతున్నాడు. ఆయనకి ఇల్లూ కొట్టూ అదే. కింది అరల్లో ఉన్న గోడగడియారాలన్నీ ఉబ్బిపోయాయి. సరుకు పెట్టుకునే అట్టపెట్టెలు ముట్టుకుంటే ముద్దలవుతున్నాయి. అయినా అంగుళాన్ని చూసి ఆయన మొహం వెలిగింది.

"రావోయ్ రా! లోకంలో అందరి టైమూ బాగుచేశాను, నా టైమే బాగాలేదు. పంతొమ్మిదేళ్ళు కట్టి, మానేసిన రెండో ఏడే రావాలా? కూర్చో. ఆ కుర్చీ ఆరింది."

అంగుళం కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ నవ్వి ఊరుకుంటానని భయమేసింది.

"నీళ్ళ ఎత్తు రాసుకోవాలి, బాబాయ్. ఇల్లు కూడా కొలవాలి."

"దానిదేముంది" అని ముసలాయన లేచి బద్ద అందుకున్నాడు, మోకాళ్ళు పట్టుకుంటూ మూడు మెట్లూ ఎక్కి ముందు గదిలో నిలబడ్డాడు.

"అక్కడ కాదు బాబాయ్. వెనక గదిలో పెట్టాలి."

"మీ అక్కింట్లో ఇక్కడే కదటోయ్ పెట్టింది? ఆవిడే చెప్పింది."

"అక్కడా వెనక గదిలోనే పెట్టాలి. పెట్టలేదు. నేనే పెట్టనివ్వలేదు."

మధ్య గోడ పల్చన కాబట్టి అక్క విననే వింది. బురద చేతులతోనే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాడి మాటలు పట్టించుకోకు బాబాయ్! నాలుగు రోజుల నుంచి నిద్రలేదు, ఏదో వాగుతున్నాడు."

"వాగుడు కాదక్కా. ఈ రెండు ఇళ్ళూ గీతకి ఇరవై అంగుళాలు కింద. అబద్ధం రాశాను బాబాయ్. ఇవాళ రిపోర్టులో నా తప్పేనని రాస్తాను."

అక్క గుమ్మంలోనే కూలబడింది. "ముందు గదిలో కొలవమన్నది నేనే, బాబాయ్" అని, బురద చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. అంగుళం ఆవిడ వైపు చూడలేకపోయాడు, ముసలాయన వైపు అసలే చూడలేకపోయాడు.

"రాస్తే నా బీమా తిరిగొస్తుందా?" అని అడిగాడు గడియారాలాయన.

"రాదు."

"ఆ రోజు గేటు దగ్గర నేనడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

ముసలాయన బద్ద ఊతంగా మెల్లగా మూడు మెట్లూ దిగి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేదని అంగుళానికి అనిపించింది. తిట్లయితే తలొంచుకుని తినొచ్చు.

"మీ అక్కని చూసి మానేశాననుకుంటోంది వీధంతా" అన్నాడు చివరికి. "ఆవిణ్ణి చూసి కాదు. నిన్ను చూసి మానేశాను. ఈ గోడల మధ్య పెరిగినవాడివి, నా నేల ఎక్కడుందో నాకంటే నీకే బాగా తెలుసనుకున్నాను."

"బాబాయ్, ఒక్కసారి బద్ద పట్టుకోండి, సరిగ్గా కొలిచి..."

గడియారాలాయన తలడ్డంగా ఊపాడు. బద్దకి అంటిన బురదని తన చొక్కా కొసతో పైనుంచి కిందిదాకా తుడిచి, రెండు చేతులతో అతనికి తిరిగి ఇచ్చాడు.

"నా ఇల్లు కొలవడానికి రేపు ఇంకెవరినైనా పంపించండి, సర్వేయర్ గారూ."