ఎడమ భుజం

వాన.

ముందు ఎడమ భుజం మీద పడుతుంది. తర్వాతే తల మీద, మెడ మీద, చొక్కా లోపలికి... గొట్టాలకు చిల్లులు పెట్టి, ట్యాంకరు నీళ్లతో కురిపించే వాన. తుప్పు వాసన వేసే వాన.

ఏళ్ల తరబడి అతను ఈ వానలోనే తడిశాడు. తండ్రిగా తడిశాడు. మేనమామగా, డాక్టరుగా, జైలరుగా తడిశాడు. హీరో వచ్చి అతని భుజం మీద వాలి ఏడుస్తాడు. కెమెరా హీరో ముఖం చూస్తుంది — ఇతని వీపు చూస్తుంది.

అతని పని ఒక్కటే. కదలకూడదు.

దోమ కుట్టినా కదలలేదు. తల్లి పోయిందని కబురు విన్న పూట కూడా కదలలేదు.

సినిమాహాల్లో భార్య పక్కవాళ్లకు వినబడేలా అనేది. "అదిగో, మా ఆయన భుజం! ఎంత బాగా చేసిందో చూడండి."

అతనూ నవ్వేవాడు. నవ్వక చస్తాడా?

షాటుకీ షాటుకీ మధ్య, చెట్టు నీడన కూర్చుని, డైలాగు కాగితాల వెనక రాయడం మొదలుపెట్టాడు. చిన్న కథలు. పత్రికలు వేసుకున్నాయి. వేషాలు తగ్గేకొద్దీ రాత పెరిగింది. చివరికి ఒక సినిమా కథ రాశాడు — ఓ ముసలి నటుడి కథ. ఆఖరి సీన్లో వాన. ముసలివాడు ఏడుస్తాడు. దారినపోయే వాడెవడో భుజం ఇస్తాడు. కెమెరా ఒక్కసారి... ఒకే ఒక్కసారి... ముసలివాడి ముఖం చూస్తుంది.

ఆ సీను కోసమే మిగతా కథంతా రాశాడు.

మొదట చదివింది దర్శకుడు. ఒకప్పుడు అతని గదిలో, అతని చాపలో సగం పంచుకుని పడుకున్నవాడు. చదివి కళ్లు తుడుచుకున్నాడు.

"ఈ వేషం నీదే అన్నా. నీ మీద ఒట్టు."

ఒట్టు తన మీద వేసుకోలేదు, చూశారా! అప్పుడే తెలుసుకోవాల్సింది.

తీరా షూటింగు దగ్గర పడ్డాక ఆ వేషం పెద్ద హీరోకి వెళ్లింది. తెల్ల విగ్గు పెట్టారు. ముడతలు అంటించారు. ఇతనికి సొంతవే ఉన్నాయి — ఊరికే.

దర్శకుడు ఫోన్ చేశాడు. "ఏం చేయనన్నా, నిర్మాత వినడం లేదు. కానీ ఆఖరి సీన్లో భుజం మాత్రం నీదే. అట్లాంటి భుజం ఇంకెవరికుంది?"

భార్య ఫోన్ లాక్కుని పెట్టేసింది. "ఏరు దాటాక తెప్ప తగలేశాడు. ఇప్పుడు ఆ తెప్పే మళ్లీ కావాలా? వెళ్లకండి."

వెళ్లాడు. ఎందుకని అడగకండి. తన వానను తను చూసుకోవాలనిపించింది.

వాన మొదలైంది. పెద్ద హీరో నడిచొచ్చి భుజం మీద వాలాడు. అతను రాసిన మాటే, అతని చెవి పక్కనే —

"ఇన్నాళ్లూ నన్నెవరూ చూడలేదయ్యా..."

బాగా పలికాడు. పాడు చేసి ఉంటే తిట్టుకునైనా ఊరుకునేవాడు. బాగా పలికాడు... అందుకే కడుపు మండిపోయింది.

నమ్మించి గొంతు కోసినవాడు వెనకెక్కడో గొడుగు కింద ఉన్నాడు.

కదలకూడదు.

కదలకూడదు... కదలకూడదు...

"కట్!"

వాన ఆగింది. గొట్టాల నుంచి చుక్కలు. వెనక నుంచి దర్శకుడి గొంతు.

"భుజం కదిలిందన్నా. ఎప్పుడూ లేనిది, ఏమైంది?"

వెనక్కి తిరిగితే చాలు — అతని ముఖం కనబడుతుంది. తిరగలేదు.

"సరేలే... ఇంకోసారి చేద్దాం," అన్నాడు దర్శకుడు.

వాన.

ముందు ఎడమ భుజం మీద పడింది.