తెలిసిన రోజు

వర్లీన్ వసారాలో కూర్చుని బీన్సు సూదితో దారానికి గుచ్చుతోంది. ఎండబెట్టి చలికాలానికి దాచుకునే బీన్సు. ఎడమ పక్కకి కాస్త ఒరిగి కూర్చోవడం ఆమెకి అలవాటైపోయింది. ఆపరేషనులో డాక్టరు కడుపులో మరిచిపోయిన గుడ్డని తీసేసి తొమ్మిది నెలలైనా ఒళ్ళు ఇంకా దాన్ని తప్పించుకునే కూర్చుంటోంది.

"గుర్తుందిగా," అన్నాడు మొగుడు హోబర్ట్, బూట్లు తొడుక్కుంటూ. "నవంబరులో ఆ లెక్సింగ్టన్ డాక్టరు లోపల గుడ్డ ఉందని చెప్పేదాకా నీకేం తెలీదు. లాయరు అడిగితే అదే చెప్పు. ఎక్కువ మాట్లాడకు."

ఆమె దారం ముడేసింది.

"నీకేం తెలీదని చెప్పడానికి అంత ఆలోచన ఎందుకే?"

నిజమే, ఆలోచన ఎందుకు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా ఆ ఇంట్లో వింటున్న మాటే. పొగాకు చేను కౌలుకిచ్చేటప్పుడు నీకేం తెలీదు. పెద్దాడికి రొమ్ము పట్టేసింది, డాక్టరు దగ్గరికి పోదాం అని మొత్తుకున్నప్పుడూ నీకేం తెలీదు. ఇన్నాళ్ళకి ఆ మాటకి విలువొచ్చింది. కెంటకీ చట్టంలో డాక్టరు మీద ఇలాంటి దావా వెయ్యడానికి ఏడాదే గడువని పోయినసారి లాయరు టాకెట్ చెప్పాడు. ఆ ఏడాది, తనకి కీడు జరిగిందని మనిషికి తెలిసిన రోజు నుంచి మొదలవుతుందట. నవంబరు నుంచి లెక్కేస్తే ఇంకా మూడు నెలలుంది. ఆపరేషను చేసిన నిరుటి మార్చి నుంచి లెక్కేస్తే గడువు దాటి అయిదు నెలలైంది. అంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. నీకెప్పుడు తెలిసింది?

ఆమెకి మూడో రోజే తెలిసింది. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుని ఇంటికొచ్చి, మొక్కజొన్న రొట్టెకి పిండి కలపబోతే లోపల ఏదో తనది కానిది కదిలింది. పొయ్యి పక్కన కాలెండరు ఉంది. ఆ కొండల్లో ప్రతి వంటింట్లోనూ ఉండేదే. ఏ రోజు చంద్రుడి రాశి ఒంట్లో ఏ భాగంలో ఉందో ప్రతి గడిలోనూ బొమ్మ ఉంటుంది. దాన్ని చూసే గింజలు వేస్తారు, దూడని పాలు మాన్పిస్తారు. ఆ రోజు గడిలో పెన్సిలుతో రాసుకుంది. "లోపల ఏదో ఉంది."

అత్తగారికి చెబితే, "రాశి కడుపులో ఉన్న రోజు ఎవరన్నా కత్తి పెట్టించుకుంటారా? అనుభవించు. ఏడుగుర్ని కన్నాను నేను, నాలుగో రోజుకి చేలో ఉన్నాను," అంది. కోసిన డాక్టరు నరాల బలహీనత అన్నాడు, పొద్దున్నే నడవమన్నాడు. తను వండే బడి వంటగదిలో పైఆవిడ, "కొత్త పెళ్ళికూతురివా? పట్టు ఆ గంగాళం," అంది. హోబర్టయితే సింకులో గిన్నెలున్నప్పుడల్లా దీనికి నొప్పేనని బావమరిదితో చెప్పి నవ్వాడు. ఎవరికి చెప్పిన రోజు వాళ్ళ పేరు ఆ గడిలో రాసింది. ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు. చెప్పానా, కలగన్నానా అని తన మీద తనకే అనుమానం వచ్చే రోజులవి.

ఇవాళ పొద్దున ఆ నిరుటి కాలెండరు పొయ్యి పక్కన చితుకుల పెట్టెలో కనిపించింది. పెట్టిందెవరో అడగలేదు. దుమ్ము దులిపి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

టాకెట్ ఆఫీసు దాణా కొట్టు మీద మేడ. ముసలాయన. చెవి మిషను సర్దుకుని కలం తీశాడు.

"ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?"

"దానికేం తెలీదండీ," అన్నాడు హోబర్ట్. "నవంబరులోనే."

"గుడ్డ నీ కడుపులో లేదుగా హోబర్ట్. ఆవిణ్ణి చెప్పనీ." ఆయన వర్లీన్ వైపు తిరిగాడు. "తొందరపడకమ్మా. నొప్పి వేరు, తెలియడం వేరు."

"ముగ్గురు పిల్లల్ని మోశాను టాకెట్ గారూ. నొప్పంటే ఏమిటో, లోపల ఒకటి ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. మూడో రోజే తెలిసింది."

కలం ఆగింది. "కొంప ముంచావు," అన్నాడు హోబర్ట్ మెల్లిగా.

ఆమె కాలెండరు తీసి బల్ల మీద పరిచింది. టాకెట్ మార్చి గడి చదివాడు. "ఇది అవతలివాళ్ళు చూస్తే కేసు అక్కడే పోవచ్చు. తెలిసీ ఎందుకు ఊరుకున్నావంటాడు జడ్జి."

"ఊరుకోలేదు. మిగతా గళ్ళు చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో నెలా తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"డాక్టరు పేరు నాలుగుసార్లుంది. ప్రతిసారీ ఏం లేదనే పంపాడా?"

"నరాలన్నాడు."

"డాక్టరే లేదన్నాడు కనక ఏడాది అప్పట్నించి లెక్కెయ్యకూడదని వాదించొచ్చు. జడ్జి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఈ కాలెండరు లేకుండా, నీకేం తెలీదంటే మాత్రం దారి సుళువు."

"సుళువు దారే చెప్పు వర్లీన్," అన్నాడు హోబర్ట్. ఆజ్ఞాపించినట్టు కాదు, అడిగినట్టే అన్నాడు. పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో.

ఆమె ఆ గళ్ళ వంక చూసింది. ఎనిమిది నెలల పెన్సిలు రాత. అది లేదనడానికి ఒక్క మాట చాలు, ఆ మాట తనకి నోటికొచ్చు. కానీ ఇన్నాళ్ళూ వాళ్ళందరూ అన్న మాటే ఇప్పుడు తనూ ప్రమాణం చేసి అనాలి.

"తెలుసనే రాయండి," అంది.

టాకెట్ రాసిన కాగితం పక్కనపెట్టి కొత్తది తీశాడు. "సరే. ఎవరెవరికి చెప్పావో వరసగా చెప్పమ్మా."

వర్లీన్ కుడి పక్క అరచేత్తో ఒత్తుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇంట్లోంచి మొదలుపెట్టనా, ఆసుపత్రి నుంచా?" అంది.