జనవరి ఒకటిన ఉతికిన గౌను

జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే ఓజెల్లా వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేసి, పొయ్యి మీద బొబ్బర్లు పెట్టింది. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ జరిగే పనే అది. బొబ్బర్లు, బియ్యం, పొగబెట్టిన పంది మాంసం ముక్క కలిపి ఉడికించి, పక్కన కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పెట్టుకు తింటే ఏడాదంతా దేనికీ లోటుండదు. బట్టలు మాత్రం ఆ రోజు ఉతకకూడదు. ఇంటివాళ్ళెవరైనా ఉతికారో, ఆ బట్ట తాలూకు మనిషి ఆ నీళ్ళతో కొట్టుకుపోయినట్టే.

కొట్టుకుపోవడమంటే చావడం కాదు. వీధి చివరి యుడోరా చాలా ఏళ్ళ కిందట మర్చిపోయి మొగుడి ప్యాంటు నీళ్ళలో ముంచేసింది. అప్పట్నుంచీ లియోటిస్ ఆవిడకి తప్ప ఇంకెవరికీ కనపడడు, వినపడడు. ఉతికినవాళ్ళకే కనపడడం పద్ధతి. ఆవిడ ఆయనకి రోజూ పళ్ళెం పెడుతుంది, దెబ్బలాడుతుంది, చర్చిలో పక్కన చోటు అట్టేపెడుతుంది. వాళ్ళింటికి వెళ్ళినవాళ్ళు ఖాళీ కుర్చీని "బాగున్నావా, లియోటిస్?" అని పలకరించి కూర్చుంటారు. పన్నుల ఆఫీసువాళ్ళు కూడా ఆయన జోలికి రావడం ఎప్పుడో మానేశారు.

బొబ్బర్లు ఇంకా ఉడుకుతుండగానే ఓజెల్లా చెల్లెలు వర్లీన్ వచ్చింది. ఒక చేతిలో ఆకుకూర గిన్నె, ఇంకో చేతిలో పసుపుపచ్చ గౌను.

"అక్కా, రేపు కోర్టుకి ఇదే వేసుకుంటా. చంక కింద కుట్టు ఊడిపోయింది. రెండు కుట్లు వెయ్యవూ?"

"సూదిలో దారం ఎక్కించడం రాదుగానీ ఊరిని ఉద్ధరించడం మాత్రం వచ్చు నీకు."

"ఉద్ధరించడం అయ్యాక దారం సంగతి నేర్చుకుంటాలే," అని నవ్వి వర్లీన్ గౌనుని కుర్చీ మీద వేసింది.

దక్షిణ కరొలైనా రాష్ట్రంలో గంజాయి మందుగా కూడా నేరమే. స్కూలు బస్సు నడిపి రిటైరైన వర్లీన్ ఏళ్ళ తరబడి పెరట్లో ఆ మొక్కలు పెంచి, నూనె తీసి, కేన్సరు నొప్పులవాళ్ళకీ, మూర్ఛలొచ్చే పిల్లలకీ ఊరికే ఇచ్చేది. ప్రతి జనవరిలోనూ, గంజాయిని మందుగా ఒప్పుకోండని అట్టముక్క మీద రాసుకుని రాజధానికి వెళ్ళి శాసనసభ మెట్ల మీద నిలబడేది. ప్రతి కొత్త సంవత్సరానికీ ఒకటే మాట, "ఈ ఏడు చట్టం వస్తుంది చూడండి." చట్టం రాలేదు, షెరీఫ్ పోలీసులొచ్చారు. మొక్కలు పీకి, చేతులకి సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. బెయిలు మీద బయటికొచ్చింది. రేపే వాయిదా. శిక్ష పడితే ముసలితనమంతా జైల్లోనే.

ఊరు ఊరంతా వర్లీన్ కోసం కన్నీళ్ళు పెట్టుకుంటోంది. అది చూసి ఓజెల్లాకి కడుపు మండిపోతోంది.

ఆ మంట ఈనాటిది కాదు. అమ్మ మంచాన పడితే ఒళ్ళు తుడిచింది, పక్క తిప్పింది, రాత్రులు మేలుకుంది ఓజెల్లా. ఆఖరి రోజుల్లో వర్లీన్ తన నూనె సీసా పట్టుకొచ్చి అమ్మ నాలుక కింద నాలుగు చుక్కలు వేసింది. అమ్మ లేచి కూర్చుంది. పీచ్ పళ్ళతో చేసిన తీపి కావాలని అడిగి మరీ తింది. పోయేముందు, తన కాళ్ళ మీద దుప్పటి సర్దుతున్న ఓజెల్లా తల మీంచి గుమ్మం వైపు చూసి, "నా వర్లీన్ ఏదీ?" అంది.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. అందరూ ఓజెల్లా ఇంటికే వచ్చారుగానీ ఓజెల్లా కోసం ఎవరూ రాలేదు. యుడోరా ఆకుకూర నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అచ్చం మీ అమ్మ చేతి వంటేనే, వర్లీన్! లియోటిస్ కూడా అదే అంటున్నాడు."

కనపడని మనిషికి కూడా వర్లీన్ కూరే నచ్చింది!

పక్కింటి టమేకా కూతురు బ్రైలీ వర్లీన్ మెడ పట్టుకుని వదల్లేదు. వర్లీన్ చుక్కలు మొదలుపెట్టాక ఆ పిల్లకి మూర్ఛలు దాదాపు ఆగిపోయాయి.

"నిన్ను లోపలేస్తే నా బిడ్డ గతేంటి, మిస్ వర్లీన్?" అంది టమేకా ముక్కు చీదుతూ.

"ఏడవకే. ఈ ఏడు చట్టం వస్తుంది చూడు."

సాయంత్రం వర్లీన్‌ని మధ్యలో పెట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. ఆకుకూర గిన్నె నాకేసినట్టుంది. బొబ్బర్ల కుండ మీద మూత తీసిన నాథుడు లేడు. ఓజెల్లా సూదిలో దారం ఎక్కించి గౌను అందుకుంది. ఆ గౌనుకి కూడా వర్లీన్ పౌడరు వాసనే. సూది పక్కన పెట్టేసింది.

మెషీన్ ప్లగ్గు పెట్టి, గౌను లోపల పడేసింది. సబ్బుపొడి వేసింది. చాలదనిపించి ఓ మూతెడు బ్లీచ్ పోసింది. కసి తీరక ఇంకో మూత పోసింది.

"పో! నువ్వు పోతేగానీ నేనొకదాన్ని ఉన్నానని ఈ ఊరికి తెలియదు."

గౌను గిరగిరా తిరుగుతుంటే ఒకసారి చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. ఎంతైనా తోడబుట్టింది. అంతలో అమ్మ అడిగిన మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు కోర్టులో అడుగుపెడుతూనే ముద్దాయి కుర్చీ వైపు చూసింది. గోధుమరంగు కోటు వేసుకుని వర్లీన్ శుభ్రంగా కూర్చునుంది. ఏమీ కాలేదన్నమాట. ఓజెల్లాకి కాస్త ఊరటగా, కాస్త నిరాశగా అనిపించింది.

బంట్రోతు వర్లీన్ పేరు పిలిచాడు.

"ఉన్నానండీ," అని వర్లీన్ లేచి నిలబడింది.

ఎవరూ తల తిప్పలేదు. బంట్రోతు మళ్ళీ పిలిచాడు. వర్లీన్ చెయ్యెత్తి ఊపింది. పక్కనే ఉన్న ఆమె లాయరు గుమ్మం వైపే చూస్తూ చెమట తుడుచుకుంటున్నాడు. వర్లీన్ తనకొక్కదానికే కనపడుతోందని ఓజెల్లాకి అర్థమైంది.

జడ్జి పెటిఫర్డ్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న, ఒకటో తారీఖున, ఈవిడ బట్ట ఎవరైనా ఉతికారా?"

రాజధాని నుంచి వచ్చిన ప్రభుత్వ ప్లీడరు లేచాడు. "బట్టలకీ కేసుకీ సంబంధం ఏమిటండీ?"

"మీరు కూర్చోండి బాబూ. ఇంటివాళ్ళెవరు?"

ఓజెల్లా లేచింది. "నేనేనండీ. నేనే ఉతికాను."

యుడోరా గొల్లుమంది. "చెల్లెల్ని కాపాడుకోడానికి! ఎంత గుండె నీది, ఓజెల్లా! ఇన్నాళ్ళూ నిన్ను గుర్తించలేకపోయాం తల్లీ!"

"కనపడని మనిషిని జైల్లో ఎలా పెట్టేది?" అన్నాడు జడ్జి. "లోపలుందో లేదో తెలియకుండా తాళం ఎవరు వేస్తారు? కేసు కొట్టేస్తున్నాను."

జనం వచ్చి ఓజెల్లాని వాటేసుకున్నారు. పుట్టినప్పట్నుంచీ ఆశపడ్డ మెప్పు ఒక్కసారిగా వచ్చి మీద పడింది. అందులో ఒక్క ముక్క కూడా తనది కాదు.

కారెక్కేసరికి పక్క సీట్లో వర్లీన్ ఉంది.

"బ్లీచ్ కూడా పోశావు కదూ? పొద్దున్నుంచీ ఒళ్ళంతా ఒకటే కంపు."

ఓజెల్లా కిటికీ అద్దం దించింది.

"ప్రేమతో ఉతికేవాళ్ళు బ్లీచ్ పొయ్యరే అక్కా."

"తెలిస్తే మరి... తిట్టవేం?"

"ఎందుకు తిట్టడం? మన ఇంట్లో మిగిలింది నువ్వొక్కదానివే. నేనే ఉతుక్కుంటే ఎవరికీ కనపడను, నువ్వే ఉతకాలి. అడిగితే ఉతుకుతావా? చిన్నప్పట్నుంచీ నేనడిగింది ఒక్కటైనా ఇచ్చావా? అందుకే అడగలేదు. కుట్టు నేనే ఊడదీసి, గౌను నీ కుర్చీ మీద పడేసి వెళ్ళిపోయా. మిగతాది నీ కడుపుమంటే చూసుకుంటుందనుకున్నా."

ఓజెల్లా బతుకంతటికీ తనంతట తాను చేసిన పాపం ఒక్కటుంటే, అది కూడా చెల్లెలి పథకంలోదే అయిపోయింది.

"దిగు నా కారు!"

"దిగి ఎక్కడికి పోను, నీకు తప్ప ఎవరికీ కనపడనుగా. టమేకా ఇంటికి పోనీ. బ్రైలీ మందు అయిపోయింది. నేను దాచిన సీసా నీ వెనక సీటు కిందే ఉంది."

తిట్టుకుంటూనే పోనిచ్చింది.

టమేకా సీసా అందుకుని ఓజెల్లా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "మీలాంటి అక్క ఎవరికుంటుంది, మిస్ ఓజెల్లా!" బ్రైలీ పరుగెత్తుకొచ్చింది. వర్లీన్ ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చేతులు చాపి, "రా తల్లీ," అంది. పిల్ల ఆ చేతుల ముందునుంచే వెళ్ళి ఓజెల్లా మెడ పట్టుకుంది.

వర్లీన్ చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. ఆమె నవ్వుతూనే ఉందిగానీ కళ్ళు మాత్రం ఓజెల్లా మెడ చుట్టూ ఉన్న ఆ చిన్న చేతుల మీదే ఉన్నాయి. ఆ చూపు ఓజెల్లాకి బాగా తెలుసు. జీవితమంతా అద్దంలో చూసుకున్నదే.

ఖాళీ కుర్చీకి పళ్ళెం పెట్టే యుడోరా గుర్తొచ్చింది. పిల్లని తీసుకెళ్ళి ఆ కుర్చీలో, వర్లీన్ ఒళ్ళో కూర్చోబెట్టాలి, తెలుసు. ముందు మాత్రం బ్రైలీని ఇంకాస్త గట్టిగా, చెల్లెలు చూస్తుండగా, హత్తుకుంది. తర్వాతే కూర్చోబెట్టింది.